ఈ వంటకానికి ఊరి పేరు ఎందుకొచ్చింది?



సంక్రాంతి సెలవులు కాగానే మన బ్రాంచీల్లో ఫుడ్ ఫెస్ట్ ఉంటుందని మీకు తెలుసు. అందులో ఏం కనిపిస్తుందో కూడా తెలుసు: భేల్‌పూరి, శాండ్‌విచ్, ఫ్రూట్ సలాడ్, బిస్కెట్ల పొడితో చేసిన కేక్. పొయ్యి వెలిగించకూడదన్న నియమం వల్ల ఏ పిల్లవాడికీ చేయి కాలదు, అది మంచిదే. కానీ వంట అనే పాఠంలో నిప్పు లేకపోతే సగం పుస్తకం చింపేసినట్టే. అందుకే ఈసారి ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక మార్పు చేస్తున్నాం. వంట ఇంట్లోనే, పెద్దవాళ్ల పక్కన నిలబడి చేసి తేవచ్చు. అయితే స్టాల్‌లో పెట్టే పదార్థానికి ఒక ఊరు ఉండాలి. ఆ ఊరికీ ఆ తిండికీ సంబంధమేమిటో పిల్లలు వచ్చినవాళ్లకు చెప్పగలగాలి.

ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, తాండూరు కందిపప్పు, హైదరాబాదీ హలీమ్. పేర్లు అందరికీ నోటికొచ్చు. "ఆ ఊరే ఎందుకు?" అని అడిగితే మాత్రం పిల్లలు "అక్కడ ఫేమస్ కాబట్టి" అంటారు. పేరు రావడం ఫలితం, కారణం వేరే ఉంటుంది. ఆ కారణాన్ని ఎలా వెతకాలో చెప్పేదే ఈ నెల పాఠం. పిల్లలతో కలిసి, వీలైతే భోజనాల దగ్గర చదవండి.

కాళ్ల కింద నుంచి మొదలుపెడదాం

మీది కాస్త పాత ఇల్లయితే ఒకసారి నేల చూడండి. గదిలోనో, వరండాలోనో తాండూరు బండలు ఉండే అవకాశం ఉంది. అది సున్నపురాయి జాతి. వికారాబాద్ జిల్లాలో తాండూరు చుట్టుపక్కల నేల కింద పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల పైన ఉన్నది లోతైన నల్లరేగడి. ఆ రేగడిలో పండే కందులకు 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది. జీఐ అంటే భౌగోళిక గుర్తింపు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

కంది నిదానమైన పంట. జూన్, జూలైల్లో తొలి వానలకు విత్తితే కోత డిసెంబరు, జనవరి దాకా రాదు. వానలు అక్టోబరుకే వెళ్లిపోతాయి. మరి పూత, కాయ వేళకు నీళ్లెక్కడివి? నల్లరేగడి వాననీటిని పట్టి ఉంచుకుంటుంది. కంది వేరు లోతుకు దిగి ఆ తేమను తాగుతుంది. కాలువ లేకుండా, బోరు లేకుండా పంట గట్టెక్కడానికి నేల, వేరు కలిసి చేసుకున్న ఏర్పాటు ఇది. సోషల్ పుస్తకంలో "నల్లరేగడి నేలలకు తేమను నిలుపుకునే గుణం ఉంది" అనే ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పడతారు. అదే వాక్యం రాత్రి పళ్లెంలో ముద్దపప్పుగా వచ్చి కూర్చుందని చెప్పి చూడండి, ఇక మరిచిపోరు.

రేకు వెనుక ఏముంది

ఆత్రేయపురం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఒక్క మిఠాయిలో ఇన్ని సంగతులు దొరకడం అరుదు.

ఊరు గోదావరి డెల్టా మొదట్లో, ఇప్పటి కోనసీమ జిల్లాలో ఉంది. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటి మధ్య నేల అది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. దాంతో కాలువ నీరు నిలకడగా అంది డెల్టా వరికి పుట్టిల్లయింది. పూతరేకుల జీఐ కోసం దరఖాస్తు చేసుకున్న తయారీదారుల సంఘం పేరులోనే సర్ ఆర్థర్ కాటన్ ఉన్నారు. మిఠాయి చేసేవాళ్లు ఇంజినీరు పేరు పెట్టుకోవడం వింతగా అనిపించవచ్చు. నీళ్లు లేనిదే బియ్యం లేదు, బియ్యం లేనిదే రేకు లేదు అనుకుంటే వింత లేదు.

ఇక పని. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పలుచగా కలుపుతారు. దీనికి జయ రకం బియ్యం బాగుంటుందని అక్కడివాళ్లు చెబుతారు. పొయ్యి మీద కుండను బోర్లించి కింద మంట పెడతారు. కొబ్బరి చెట్ల సీమ కాబట్టి ఎండిన కొబ్బరాకులే చాలాచోట్ల వంటచెరకు. పలుచని గుడ్డను ఆ పిండినీళ్లలో ముంచి, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. క్షణంలో కుండకు అంటుకున్న పూత ఆరి, కాగితం కన్నా పలుచని పొరగా లేస్తుంది. పూత వేస్తే వచ్చే రేకు, అందుకే పూతరేకు. చల్లారిన రేకులను తడిగుడ్డతో కాస్త మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతలు పెడతారు.

ఇందులో సైన్సు ఉంది. బియ్యంలోని పిండిపదార్థం, అంటే స్టార్చ్, వేడికి నీటిని పీల్చి ఉబ్బి జిగురవుతుంది. వెంటనే నీరు ఆవిరైతే ఆ జిగురు పొరగా నిలుస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంత చెబితే చాలు. మిగిలినది చేయి చెప్పాలి. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. గుడ్డ ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగితే మందంగా వస్తుంది. వేడి చూడటానికి అక్కడ థర్మామీటరు ఉండదు. కుండ ముందు గంటల తరబడి కూర్చుని రేకులు తీసే ఆడవాళ్ల కళ్లు, మణికట్టు, అంతే.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. మందపాటి పెనాన్ని సన్నసెగ మీద పెట్టి, బియ్యప్పిండి కలిపిన పలుచని నీళ్లను వంటగది బ్రష్‌తో ఒక్క పూత పూయండి. మీరు పక్కనే ఉండండి. మొదటి పది సార్లు ముక్కలే వస్తాయి. ఆ ముక్కలే పాఠం. ఒక్క రేకు సరిగ్గా రాకపోతే ఎలా ఉంటుందో తెలిశాక, పెట్టెలో వరసగా పేర్చిన పూతరేకులను పిల్లలు వేరే కళ్లతో చూస్తారు.

తాండూరు కందిపప్పుకు ఊరితో ముడి వేసింది ముఖ్యంగా నేల. ఆత్రేయపురంలో నీరు, చెట్టు, చేయి మూడూ కలిశాయి. నీరు ఉన్నచోటే ఉంటుంది. చెట్టు పోతే మళ్లీ నాటవచ్చు. చేతిపని అలా కాదు, నేర్చుకునేవాళ్లు ఒక్క తరం లేకపోతే అక్కడితో పోతుంది. రేకులు తీసే తల్లి కూడా మీలాగే తన బిడ్డ చదువుకుని ఉద్యోగం చేయాలనే కోరుకుంటుంది. ఆ కోరికను ఎవరూ తప్పుపట్టలేరు. కాబట్టి "పాత విద్యలు పోతున్నాయే" అని నిట్టూర్చడం పిల్లలకు నేర్పొద్దు. ఒక్కో పెట్టె ధరలో రేకు తీసిన చేతికి ఎంత చేరుతుంది అని అడగడం నేర్పండి. చాలినంత చేరితే నేర్చుకునేవాళ్లు వస్తారు.

ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడివే అయినవి

ఊరితో సంబంధం అంటే అక్కడే పుట్టి ఉండాలని పిల్లలు అనుకోవచ్చు. హలీమ్ ఆ అభిప్రాయాన్ని సరిచేస్తుంది. దాని మూలం హరీస్ అనే అరబ్బు వంటకం, గోధుమ, మాంసం కలిపి ఉడికించేది. నిజాం కొలువులోకి యెమెన్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్ సైనికులతో ఇక్కడికి చేరింది. వాళ్లు ఉన్న పేట పేరు బార్కస్, బ్యారక్స్ అనే మాట అలా మారింది. ఇక్కడి మసాలాలు, నెయ్యి చేరాక అది ఇంకో వంటకమైంది. ఇటుక, మట్టి భట్టీల మీద గంటల తరబడి ఉడికి, పొడవైన కర్రలతో దంచుతుంటే మాంసం, గోధుమ విడదీయలేనంతగా కలిసిపోతాయి. 2010లో జీఐ వచ్చింది. మన నేలలో గోధుమ పెద్ద పంట కాదు కదా, మరి హైదరాబాదుకు దీనితో ముడి ఏమిటి? రంజాన్ నెల సాయంత్రాలు. ఉపవాసం విడిచేవాళ్లు, వాళ్లతో పాటు క్యూ కట్టే ఊరంతా. ఒక నగరం ఏటా ఒకే నెలలో ఒకే వంటకం కోసం ఎదురుచూస్తుంటే ఆ వంట అక్కడ వేరు పట్టకుండా ఎలా ఉంటుంది?

బందరు లడ్డు కథా ఇలాంటిదే. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి మచిలీపట్నంలో స్థిరపడ్డ కుటుంబాలు దీన్ని తెచ్చాయని చెబుతారు. శనగపిండితో పూస వేసి, నెయ్యిలో వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకంలో కలుపుతారు. తొక్కి చేస్తారు కాబట్టి తొక్కుడు లడ్డు. దీనికి 2017లో జీఐ వచ్చింది.

ఇది మా తరగతి గదులకు ముఖ్యమైన విషయం. మన బ్రాంచీల్లో ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. మీరు మీ ఊరి పదార్థమే తేవాలి. బీహార్‌లోని సిలావ్ ఖాజా పక్కన మన తాపేశ్వరం మడత కాజా పెడితే, రెండూ పొరలు పొరలుగా మడిచి వేయించినవేనని పిల్లలే కనిపెడతారు. అంతకన్నా మంచి పాఠం మేం చెప్పలేం.

బండి మీద వచ్చే పండుగ

తిండికీ ఊరికీ ఉన్న ముడిని పండుగగా చేసుకున్నవాళ్లు మనకు దగ్గరలోనే ఉన్నారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో పాత పంటల జాతర జరుగుతుంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి అక్కడి మహిళా సంఘాలు దీన్ని నడుపుతాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళా రైతులు. సంక్రాంతి వేళకు ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనాలు పేర్చుకుని బయలుదేరతారు. ఫిబ్రవరి నడుమ దాకా, దాదాపు నెల రోజులు ఊరూరా తిరుగుతారు. బండి ఊళ్లోకి వస్తే పాటలు, డప్పులు, తర్వాత కూర్చుని మాటలు: ఏ విత్తనం ఎవరింట్లో ఉంది, ఏది పోయింది, ఏ పంట ఎందుకు మానేశారు.

బండ్ల మీద ఏముంటాయి? జొన్న, కొర్ర, సామ, సజ్జ, తైద, కంది, పెసర, ఉలవ, అనుము, కుసుమ. తైద అంటే రాగి; కోస్తా పిల్లలకు, కొన్నిచోట్ల చోళ్లు అనేవాళ్లకు ఈ మాట కొత్తగా ఉంటుంది, చెప్పండి. అక్కడ చాలా పొలాలు వానే ఆధారంగా ఉన్న ఎర్ర చెలకలు. ఒకే చేలో ఇరవై రకాల దాకా కలిపి వేసే అలవాటు ఉంది. ఒకటి ఎండకు పోయినా ఇంకొకటి నిలుస్తుంది. డెల్టాలో కాలువ చేసిన పనిని ఇక్కడ పంటల కలయిక చేస్తోంది. గోదావరి జిల్లాల ఇంట్లో పూతరేకులు, జహీరాబాద్ ఇంట్లో జొన్నరొట్టె ఎందుకో ఇప్పుడు మీ పిల్లలకు మ్యాప్ లేకుండానే అర్థమవుతుంది. ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

గమనించారా, ఈ జాతరలో ప్లేటు ఇంత, టోకెన్ అంత అన్న లెక్క ముఖ్యం కాదు. పండించినవాళ్లు, వండేవాళ్లు, తినేవాళ్లు ఎదురెదురుగా కూర్చోవడం ముఖ్యం. నగరాల్లో ఫుడ్ ఫెస్టివల్ పేరిట జరిగే చాలావాటిలో కౌంటర్ వెనుక ఉండేది ఈవెంట్ కంపెనీ యూనిఫాం. ఎక్కడిదని అడిగితే "మేనేజర్‌ను అడగండి" అంటారు.

ఇటలీలోనూ ఇలాంటి ఆలోచనే ఇంకో దారిలో పెరిగింది. 1986లో రోమ్ నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ తెరవడం మీద నిరసన రేగింది. ఆ వేడిలోంచి కార్లో పెట్రీని, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ఉద్యమం స్లో ఫుడ్‌గా పేరుపొందింది. 1996 నుంచి ట్యూరిన్‌లో తిండి ఉత్సవం జరుపుతున్నారు. 2004లో టెర్రా మాద్రె, అంటే భూమాత, పేరుతో ప్రపంచం నలుమూలల రైతులను, జాలరులను, చేతిపనివాళ్లను ఒకచోట చేర్చారు. 1997 నుంచి రెండేళ్లకోసారి అచ్చంగా జున్నుల పండుగ కూడా చేస్తారు. అది మన జున్ను కాదు, చీజ్. 2017లో ఆ పండుగకు పచ్చిపాలతో చేసినవాటినే రానిచ్చారు. పాలను కాచితే మేతభూమి నుంచి, పాకల నుంచి వచ్చిన సూక్ష్మజీవులు చాలావరకు పోతాయి, వాటితో పాటు ఆ చోటి రుచీ తగ్గుతుందని వాళ్ల వాదన. మీ అమ్మ ఇంటి తోడుకూ మీ ఇంటి తోడుకూ పెరుగు ఒకేలా ఎందుకు ఉండదని ఎప్పుడైనా అనుకున్నారా? అదే సంగతి. పచ్చిపాలు మాత్రం పిల్లలకు ఇవ్వకండి.

పేరు ఎవరిది?

జీఐ గురించి చెబుతామన్నాం. మన దేశంలో ఈ చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. మొదటి గుర్తింపు డార్జిలింగ్ టీకి. పూతరేకులకు 2023లో వచ్చింది. ఒక వస్తువు నాణ్యత గానీ, పేరు గానీ, మరో ప్రత్యేకత గానీ ముఖ్యంగా ఆ చోటు వల్లే వచ్చిందని చూపగలిగితే గుర్తింపు ఇస్తారు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

పిల్లలకు చెప్పాల్సిన అసలు తేడా ఒకటుంది. కంపెనీ తన ట్రేడ్‌మార్క్‌ను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. జీఐని అమ్మడం, తాకట్టు పెట్టడం, లైసెన్సుకు ఇవ్వడం చట్టప్రకారం కుదరదు. పేరు ఏ ఒక్కరి ఆస్తీ కాదు. సంఘం పేరిట నమోదైనా, తయారుచేసే ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఇక్కడే చిక్కు. ఇంట్లో రేకులు తీసి షాపుకిచ్చే మహిళకు ఈ కాగితాల దాకా వెళ్లే తీరిక, తెలివిడి అందరూ ఇస్తారా? చట్టం పేరును కాపాడగలదు. పేరు వల్ల వచ్చే డబ్బు ఎవరి దగ్గర ఆగుతుందో చట్టం చూడదు. అది కొనేవాళ్లు అడిగితేనే బయటపడుతుంది.

అందుకే ఒక హోమ్‌వర్క్, ఇది మీకూ పిల్లలకూ కలిపి. ఈసారి ఊరి పేరున్న మిఠాయి పెట్టె ఏది ఇంటికి వచ్చినా, పారేయకముందు తిప్పి చూడండి. తయారీదారు పేరు, చిరునామా పెట్టె మీద ఉండాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న ఊరూ, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న ఊరూ ఒకటేనా? పిల్లలు దీన్ని డిటెక్టివ్ పనిలా ఇష్టంగా చేస్తారు. రెండు ఊళ్లూ వేరైతే వెంటనే మోసమనకండి. ఆ ఊరి నుంచి వచ్చి నగరంలో చేసేవాళ్లూ ఉంటారు. ఫోన్ నంబర్ ఉంటుంది, అడగవచ్చు.

స్టాల్‌కు ఏం కావాలి

చార్టులు, థర్మాకోల్ గుడిసెలు, గూగుల్ ప్రింట్‌అవుట్లు వద్దు. ఒక పోస్ట్‌కార్డు సైజు చీటీ చాలు. దాన్ని పిల్లలే స్వయంగా రాయాలి. రాసే ముందు ఆ పదార్థాన్ని చేసే ఒక మనిషితో మాట్లాడాలి. నానమ్మ, అమ్మమ్మ, మీ వీధి మిఠాయి కొట్టు బాబాయి, పండక్కి అరిసెలు చేయడానికి వచ్చే అత్త, ఎవరైనా సరే. ఊరికి వెళ్లలేకపోతే ఫోన్ చాలు. ఏ నీళ్లతో పండింది, ఏ నెలల్లో చేస్తారు, ఇంకో ఊళ్లో చేస్తే ఏం తేడా వస్తుంది, చేయి తిరగడానికి ఎన్నాళ్లు పట్టింది అని అడగమనండి. డబ్బు సంగతి అడగడం అమర్యాద అనుకుంటారు పిల్లలు. "ఈ పని మీద ఇల్లు గడుస్తుందా అత్తా?" అని అడిగితే అమర్యాద కాదు. జవాబు ఎలా వస్తే అలాగే రాయాలి, అందంగా మార్చక్కర్లేదు.

మీరు దయచేసి చీటీ రాసిపెట్టకండి. మీ చేతిరాత మాకు డైరీల్లో బాగా పరిచయం.

వంటకం పేరున్నదే కానక్కర్లేదు. మీ ఊళ్లో మాత్రమే చేసే పచ్చడి, ఒక్క చెరువు గట్టునే దొరికే ఆకుకూర, మీ ఇంటి జాతరకు మాత్రమే వండే పరమాన్నం, అన్నీ పనికొస్తాయి. నిజానికి అవే ఎక్కువ కావాలి. జీఐ వచ్చినవాటి గురించి పుస్తకాల్లో దొరుకుతుంది, మీ అమ్మమ్మ ఊరి తొక్కు గురించి ఎక్కడా దొరకదు.

దీనికి మార్కులు లేవు. చీటీ తెలుగు, ఇంగ్లీష్, హిందీ, ఉర్దూ ఏ భాషలోనైనా ఉండవచ్చు. సెలవులు ముగిసి వచ్చిన మొదటి వారంలో క్లాస్ టీచర్‌కు ఇవ్వాలి. పదార్థంలో వేరుశనగ, నువ్వులు, పాలు, గోధుమ ఏవి ఉన్నా చీటీ వెనకవైపు తప్పకుండా రాయించండి. ప్రతి సెక్షన్‌లోనూ ఒకరిద్దరు అలర్జీ ఉన్న పిల్లలు ఉన్నారు.